రత్నం పుస్తకంతో మూడు మెక్సికన్ హోటళ్లు

ఫిబ్రవరి 12, బుధవారం. చిత్తూరు.
హాజరు: నేను ఒక్కడినే.

డైరీలో ప్రతి పేజీ ఇలా మొదలుపెట్టడం నాకు ఉద్యోగంతో వచ్చిన అలవాటు. పలమనేరు దగ్గర ఒక పాల శీతలీకరణ కేంద్రంలో వెన్న శాతం పరీక్షించే పని చేసి రిటైరయ్యాను. అక్కడి రిజిస్టరులో ముందు తేదీ, తర్వాత ఆ పూట వచ్చినవారి పేర్లు, ఆ తర్వాతే మిగతాది. ఇంట్లో రాసుకునే డైరీకి కూడా అదే పద్ధతి అంటుకుంది. నా భార్య ఉన్నన్నాళ్లు రెండో పేరు ఆమెది. ఆమె పోయి ఆరేళ్లయింది. ఏటా చలికాలంలో అనపకాయలనే చిక్కుళ్లు కాసేటప్పుడు మాత్రం నాలుగు రోజులు ఇంకో పేరు ఉండేది. రత్నం, నా తమ్ముడు.

రత్నం బెంగళూరులో వంటమనిషి. చివరి పదిహేనేళ్లు మెక్సికన్ హోటళ్లలో చేశాడు. పెళ్లి చేసుకోలేదు. పోయిన జూలైలో గుండెపోటుతో పోయాడు. నేను వెళ్లి, మనిషిని వ్యానులో తీసుకుని, అదే రోజు తిరిగొచ్చాను. వాడి గదిలోని రేకు పెట్టె కూడా ఆ వ్యానులోనే వచ్చింది. దాన్ని తెరవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

అందులో బట్టల కింద ఒక రూళ్ల పుస్తకం ఉంది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 'అన్న వస్తే ఏం చెప్పాల' అని రాసి ఉంది. వాడు పనిచేసిన మూడు హోటళ్ల పేర్లు, ఒక్కోచోట నేను ఏం తెప్పించుకోవాలో, ఏది వద్దనాలో, అన్నీ వాడి భాషలోనే.

ఏటా వచ్చినప్పుడు వాడు అడిగేవాడు. "ఈ తూరైనా రా అన్నా, నా చేత్తో చేసింది తిని పోదువు." నేను 'చూద్దాం' అనేవాణ్ని. పాత డైరీలు తీసి చూశాను. 'చూద్దాం అన్నాను' అని పదకొండు చోట్ల రాసుకున్నాను.

పన్నెండేళ్ల కిందట కళ్లు తిరిగి పడ్డప్పటి నుంచి డాక్టరు నాకు ఉప్పు మాన్పించాడు. అందుకని బయట తినను. అది ఒక కారణం. తమ్ముడు తలకు గుడ్డ కట్టుకుని నాకు వడ్డిస్తుంటే నేను కుర్చీలో కూర్చోవడం ఎలా ఉంటుందో అనే జంకు కూడా ఉండేది. ఇంటికొస్తే వాణ్ని నా భార్య పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "ఊరందరికీ వండేది సాల్లేదా, ఈడన్నా కూసో" అనేది. ఆమె పోయాక నేనే ఉప్పులేని పప్పు చేసి పెట్టేవాణ్ని. వాడు మారుమాట లేకుండా తినేవాడు. ఆ విధంగా, ఇరవై ఆరేళ్లు వంట చేసి బతికిన తమ్ముడి చేతి వంట నేను ఒక్కసారి కూడా తినలేదు.

వాడు లేడు. వాడు నేర్పిన చేతులు ఆ మూడు చోట్ల ఎక్కడైనా మిగిలి ఉంటాయేమో, ఉంటే ఒక ముద్ద తిని రావాలి. అందుకే బయల్దేరాను.

తిరుపతిలో ఉన్న కూతురు ఫోనులో నవ్వింది. "నాయనా, రేణిగుంట స్టేషన్లో ఇడ్లీ తినేదానికే పదిసార్లు ఆలోచిస్తావు. మెక్సికో తిండికి బెంగళూరు పోతావా?" మళ్లీ తనే, "నేనూ రానా?" అంది. వద్దన్నాను. పుస్తకం మీద రాసిన పేరు నాది.

పలమనేరు సంత

మొగిలి కనుమ ఎక్కగానే గాలి మారుతుంది. ఫిబ్రవరిలో కూడా పలమనేరులో ఉదయం తొమ్మిదికి చేతులు జేబుల్లో పెట్టుకోవలసిందే. బస్సు మారాలి కాబట్టి దిగాను. సంత వైపు అనపకాయల వాసన వస్తోంది. ఆ వాసన తెలియనివారికి చెప్పడం కష్టం. మంచు ఆరని ఆకుకు కొంచెం నూనె రాసినట్టు ఉంటుంది.

గోనెపట్ట మీద కుప్ప పోసుకుని కూర్చున్న ఆమె దగ్గర ఒక కిలో అడిగాను.

"ఇంట్లో ఎంతమంది సామీ?"

"నేనొక్కణ్నే."

"ఒక్కరికి పితికిపప్పు యాడన్నా సేస్తారా? నువ్వు పితికేలోపల ఎండాకాలం వస్తాది."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. చూడనివారి కోసం చెబుతాను. కాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, తెల్లవారి ఒక్కొక్క గింజను వేళ్ల మధ్య పితికితే తోలు చేతిలో మిగిలి, తెల్లటి పప్పు గిన్నెలోకి దూకుతుంది. మా జిల్లాలో అది ఎవరూ ఒంటరిగా చేయరు. బేసిను మధ్యలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. పక్కింటివాళ్లు వచ్చినా మాట్లాడుతూనే చెయ్యి పెడతారు. చిన్నప్పుడు నేనూ రత్నమూ ఎవరి పప్పు దూరం ఎగురుతుందా అని పందెం వేసుకుని నాయన చేత తిట్లు తినేవాళ్లం.

"చుట్టాలింటికి పోతా ఉండా" అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు.

"అట్ల సెప్పు. అయితే మూడు కిలోలు తీస్కో."

తీసుకున్నాను. బెంగళూరులో నాకు ఏ చుట్టమూ లేదు.

కోరమంగళ: చేత్తో తినవలసినది

గురువారం మధ్యాహ్నం మొదటి హోటలుకు వెళ్లాను. అది ఒక పెద్ద అంగళ్ల భవనంలో నాలుగో అంతస్తు. కాయలు లాడ్జి గదిలో పెడితే కిటికీ లేక ఉడికిపోతాయని సంచితోనే వచ్చాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి విప్పి, ఒక కాయ చీల్చి, వాసన చూసి, ఇంకో అతన్ని పిలిచాడు. ఇద్దరూ ఆలోచించి నాకు ఒక టోకెను ఇచ్చి సంచి తమ దగ్గర ఉంచుకున్నారు.

రత్నం పుస్తకంలో ఈ హోటలుకు ఇలా ఉంది: 'టాకో చెప్పు. మూడు వస్తాయి, రెండు చాలంటే ఇయ్యరు. కోడి వద్దు, ముందే ఉప్పులో నానేసి పెడతారు. పుట్టగొడుగులది చెప్పు. ఎర్ర పచ్చడి పక్కన పెట్టమను. చేత్తోనే తిను, సిగ్గుపడొద్దు, అది చేత్తో తినేదే.'

ఇద్దరు కూర్చునే బల్ల చూపించారు. వడ్డించే అతను ఎదుటి కుర్చీ వైపు చూసి, ఇంకెవరైనా వస్తారా అని ఇంగ్లీషులో అడిగాడు. రారన్నాను. అవతలి పళ్లెం, గ్లాసు, గుడ్డ అన్నీ మర్యాదగా తీసుకుపోయాడు. బల్ల సగం ఖాళీ అయింది.

టాకో అంటే అరచేతంత మొక్కజొన్న రొట్టె. మధ్యలో కూర పెట్టి మడిచి ఇస్తారు. మనం ముద్దను నోటి దగ్గరికి తెచ్చినట్టు దాన్ని పైకెత్తి వంచాను. కూరంతా వెనకనుంచి జారి నా ఒడిలో పడింది. పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రవాళ్లున్నారు. వారిలో ఒకతను ఇటు వంగాడు.

"పెద్దాయనా, మనోళ్లేనా?"

"ఎట్లా కనుక్కున్నావు?"

"సంగటి ముద్ద పట్టుకున్నట్ల పట్టుకునుంటే తెలీదా? మాది మదనపల్లె. దాన్ని వంచొద్దు. మీరే తల పక్కకి వంచండి."

తల వంచి తిన్నాను. ఈసారి పడలేదు. రొట్టె మన జొన్నరొట్టె కంటే మెత్తగా, కొంచెం సున్నం వాసనతో ఉంది. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బుతారని రత్నం ఒకసారి చెప్పాడు. ఉప్పు మాత్రం దండిగానే ఉంది. ఒకటి తిని రెండు వదిలేశాను. మూడింటి ధరకు పలమనేరులో ఆ సంచిలాంటివి రెండు నింపుకోవచ్చు.

"ఒక్కరే వచ్చినారా?" అన్నాడు మదనపల్లె అబ్బాయి. నేను జవాబు చెప్పేలోగా వాడి స్నేహితులు ఫోటోకు పిలిస్తే అటు తిరిగాడు.

రత్నం పేరు చెప్పి అడిగాను. మేనేజరుకు తెలియదు. లోపలికి వెళ్లి కనుక్కొచ్చాడు. వంటవాళ్లంతా రెండేళ్లలో మారిపోయారట. కింద టోకెను ఇచ్చి సంచి తీసుకుని, చీకటి పడేదాకా ఒక పార్కులో కూర్చున్నాను. రాత్రి లాడ్జిలో ఇంటినుంచి తెచ్చుకున్న అటుకులు పెరుగులో నానేసుకుని తిన్నాను.

ఇందిరానగర్: రోలు

రెండో హోటలుకు పుస్తకంలో రాసింది: 'బరీటో వద్దు, అది కూర పెట్టి చుట్టిన రొట్టె, చెయ్యంత పొడుగుంటాది, సగం పారేస్తావు. గ్వాకమోలే చెప్పు. మన ఊరుబిండి మాదిరే. నూరేటప్పుడు చూస్తా ఉండు, ఉప్పు వెయ్యకముందే చెయ్యెత్తు.'

శుక్రవారం పదకొండున్నరకే వెళ్లాను. ఎవరూ లేరు. ఈసారి ఎదుటి పళ్లెం తీయబోతుంటే ఉండనీ అన్నాను.

గ్వాకమోలే బెంగళూరువాళ్లు బటర్ ఫ్రూట్ అనే పండుతో చేసే పచ్చడి. నల్లరాతి రోలు ఒకటి బండి మీద తోసుకుంటూ యాభై దాటిన ఒకాయన నా బల్ల దగ్గరికే వచ్చాడు. ముందు ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేసి నూరాడు. మా ఇంట్లో ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి, నూరేటప్పటి చప్పుడే. రాయి కింద మిరపకాయ గింజలు చితుకుతున్న ఆ చప్పుడు విని నాకు పదేళ్లకు పైనే అయివుంటుంది. వింటూ ఉండిపోయాను. చెయ్యెత్తేసరికి ఉప్పు పడిపోయింది.

నా ముఖం చూసి ఆయన తెలుగులోనే అడిగాడు. "ఉప్పు వద్దా సార్? ముందే సెప్పుంటే..." ఆయనది కోలారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారట. ఏమీ అనుకోకుండా రోలు కడిగి మళ్లీ నూరాడు.

ఉప్పు లేకపోయినా నిమ్మరసంతో, మిరపకాయ ఘాటుతో బాగుంది. ఉప్పు తినకూడనివారు ఎవరైనా మెక్సికన్ హోటలుకు వెళితే ఇది ధైర్యంగా చెప్పవచ్చు. తింటూ అడిగాను, రత్నం తెలుసా అని.

"చిత్తూరు రత్నమా? తెలీకేం సార్. అప్పుడు ఈడ మిక్సీలో వేసి తిప్పేవాళ్లు. రోట్లో నూరేది రోట్లోనే నూరాలని మేనేజరుతో కొట్లాడి పన్జేసేది మానుకోని పోయినాడు. ఆయన పోయినాక మూడు నెల్లకు ఈ రోలు తెచ్చినారు. ఇప్పుడు దీని పేరు సెప్పి వంద రూపాయలు ఎక్కువ తీసుకుంటా ఉండారు."

ఇద్దరం నవ్వాము. నవ్వు ఆగాక అడిగాను. "ఇది రత్నం నేర్పిందేనా?"

"లేదు సార్. నాకు బొంబాయిలో నేర్పినారు." గిన్నెలు సర్దుతూ, "ఆయనెట్లా ఉండాడు?" అన్నాడు.

చెప్పాను. ఆయన రోట్లో రాయి తీసి గుడ్డతో తుడిచాడు. తర్వాత వేరే బల్లవాళ్లు పిలిస్తే బండి తోసుకుంటూ వెళ్లాడు.

జయనగర్: మెనూలో లేనిది

మూడో హోటలులో రత్నం చివరి తొమ్మిదేళ్లు చేశాడు. వాడి గది కూడా దాని వెనకనే. జూలైలో నేను వచ్చింది ఆ సందులోకే. ఆ రోజు హోటలు వైపు తలెత్తి చూసిన గుర్తు లేదు. ఇప్పుడు చూస్తే పచ్చ రంగు తలుపు, బయట రెండు కుండీలు, లోపల ఎనిమిది బల్లలు.

పుస్తకంలో ఈ హోటలుకు మూడే ముక్కలు ఉన్నాయి. 'మెనూ చూడొద్దు. మునెమ్మను పిలువు. పితికిపప్పు ఉండాదా అని అడుగు.'

సాయంత్రం నాలుగు గంటలు. జనం లేరు. మునెమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. రత్నం తర్వాత ఇప్పుడు ఆమే పెద్ద వంటమనిషి.

"పితికిపప్పు ఉండాదా?" అని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అది మెనూలో లేదే. మీకెవురు సెప్పినారు?"

పుస్తకం తెరిచి చూపించాను. ఆ పేజీ మీద వేలు పెట్టి మెల్లగా చదివింది. "రత్నన్న రాత. మీరు వాళ్ల అన్నా? ఆ పొద్దు వ్యాను కాడ నిలబడినారు. ఇప్పుడు తెలస్తా ఉండాది."

కూర్చోమని నీళ్లిచ్చింది. ఆమెది కుప్పం వైపు. ఏడేళ్ల కిందట గిన్నెలు కడగడానికి చేరితే రత్నం పొయ్యి దగ్గర నిలబెట్టి వంట నేర్పాడట. మెక్సికోలో చిక్కుడు గింజలు ఉడకబెట్టి, మెదిపి, నూనెలో వేయించి రొట్టెకు రాసుకుంటారు. రత్నం చలికాలంలో ఆ గింజలు మాని పితికిపప్పు వాడేవాడు. తెలిసినవాళ్లు అడిగి తినేవాళ్లు.

"ఈ ఏడు సెయ్యలేదు సార్. కాయలు దొరక్క కాదు. పితికేదానికి కూసునేవాళ్లు లేరు. ఆయనుంటే మేనేజరుతో సహా అందుర్నీ లాక్కొచ్చి కూసోబెడతా ఉండె. నేను పిలిస్తే ఎవురొస్తారు?"

నేను బల్ల కిందినుంచి సంచి తీసి పైన పెట్టాను. ఆమె సంచి మూతి విప్పి చూసి పెద్దగా నవ్వింది.

"ఏంది సార్ ఇది, హోటలుకు కాయలు మోసుకోని వస్తారా ఎవురన్నా?"

"మూడు రోజులుగా మోస్తా ఉండాను."

"పలమనేరివి." కాయ విరిచి చూసింది. "వాడినాయి గానీ గింజ బాగుండాది. ఈ రాత్రికి నానేస్తా. పొద్దున ఎనిమిదికి రండి. కానీ వొకటి, మీరు కూడా కూసోవాల."

మరుసటి ఉదయం

ఫిబ్రవరి 15, శనివారం. జయనగర్.
హాజరు: మునెమ్మ, రొట్టెలు చేసే లక్ష్మి, గిన్నెలు కడిగే అస్సాం ఆయన, నేను.

వెనక వరండాలో పీటలు వేశారు. మధ్యలో స్టీలు బేసిను. అస్సాం ఆయనకు నా భాష రాదు, నాకు ఆయనది రాదు. అయినా ఆయన పితకడం చూసి ఆశ్చర్యపోయాను. బొటనవేలు, చూపుడువేలు తప్ప మిగతావి కదలవు. రత్నం పద్ధతి అదే. నాయన దగ్గర నేర్చుకున్నది. నా మొదటి గింజ జారి ఎగిరి లక్ష్మి జడలో పడింది.

"పెద్దాయన గురి సూసినారా" అంది మునెమ్మ.

గంటన్నరలో అయిపోయింది. మునెమ్మ నూనెలో వెల్లుల్లి, ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయ వేసి, పప్పు పోసి మూత పెట్టింది. నేను వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. పప్పు ఉడికాక కొంత మెదిపి, నిమ్మకాయ పిండింది. ఉప్పు డబ్బా పక్కకు తీసుకుంది. వేయబోయే ముందు ఒక చిన్న గిన్నె తీసి, రెండు గరిటెలు అందులో పోసి, మూత వేసి, పైన అలమారలో పెట్టింది. ఆ తర్వాతే మూకుడులో ఉప్పు వేసి కలిపింది.

"ఆ గిన్నె ఎందుకు?" అని అడిగాను.

"అదట్లే సార్. ఉప్పు వెయ్యకముందు వొక గిన్నె తీసిపెట్టాల. మీ సిత్తూరు పక్క ఆచారం గదా?"

"ఏ ఆచారం?"

"మాకేం తెలుసు? రత్నన్న ఏ పొద్దూ మానలా. పితికిపప్పనే గాదు, ఏది వండినా అంతే. దేవుడికేమో అనుకున్న్యాం. రుసి సూడకుండా తీసేది దేవుడికే గదా. సాయంత్రం దాకా ఆడే ఉంటాది, ఎవురూ ముట్టరు. మూసేటప్పుడు వాచ్‌మన్ తింటాడు, సప్పగా ఉండాదని తిడతా. మేము ఇప్పటికీ తీస్తా ఉండాం. తియ్యకపోతే ఏమైతాదో అని."

మా చిత్తూరులో అటువంటి ఆచారం లేదు. డెబ్బై రెండేళ్లుగా ఉంటున్నాను, నాకు తెలుసు. మా కుటుంబంలో ఉప్పు లేకుండా తినేది ఒక్క మనిషే.

"ఆ గిన్నె నాకియ్యి" అన్నాను.

"అది సప్పిడిది సార్. మీకు మూకుట్లోది పెడతా ఉండా, వేడి రొట్టెతో."

"నాకు ఉప్పు వద్దు మునెమ్మా. పన్నెండేళ్లయింది మాని."

ఆమె గరిటె మూకుడులో వదిలేసింది. అలమారలోంచి గిన్నె దించి, మూత తీసి, కొంగుతో అడుగు తుడిచి నా చేతికి ఇచ్చింది. లక్ష్మి రెండు వేడి రొట్టెలు తెచ్చి పెట్టింది. నేను ఆ స్టూలు మీదే, వాళ్ల మధ్యనే కూర్చుని తిన్నాను. వెల్లుల్లి కొంచెం ఎక్కువ వేసి, చివర్లో నిమ్మకాయ పిండితే ఉప్పు లేదన్న సంగతి నాలుకకు ఆలస్యంగా తెలుస్తుంది. ఆ కొలత ఎవరో చాలాసార్లు చూసి సరిచేసింది. గిన్నె అడుగు కనిపించేదాకా రొట్టెతో తుడిచి తిన్నాను.

మునెమ్మ ఖాళీ గిన్నె తీసుకుంది. కడగడానికి వేయలేదు. చేతిలోనే పెట్టుకుని అడిగింది.

"అన్నా, ఇంక దీన్ని తియ్యాల్నా, వద్దా?"

చూద్దాం అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"తీసిపెట్టు" అన్నాను. "కాయలు ఇంకో రెండు వారాలు వస్తాయి. వచ్చే శనివారం తెస్తాను."